క్లౌడ్ నుంచి డేటాబేస్ బ్యాకప్‌ను దింపుకునే సాధనం: వాడుక పత్రం రాసే పద్ధతి

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు క్లౌడ్‌లోని డేటాబేస్ బ్యాకప్‌ను సొంత కంప్యూటరులోకి దింపే సాధనం ఎలా పనిచేస్తుందో వివరించగలుగుతారు. అటువంటి సాధనానికి డాక్యుమెంటేషన్, అంటే వాడుక పత్రం, రాసేటప్పుడు ఏ విషయాలు వదిలిపెట్టకూడదో గుర్తించగలుగుతారు. రాసిన పత్రం అవసరానికి పనికొస్తుందో లేదో పరీక్షించగలుగుతారు. పట్టిక, క్వెరీ, సర్వర్ అనే భావనలు ముందు పాఠాలలో చదివారు కాబట్టి వాటిని ఇక్కడ మళ్లీ వివరించడం లేదు.

ఒక సూచన. ఈ పుస్తకంలో ఆజ్ఞలను, ఫైళ్ల పేర్లను తెలుగు లిపిలోనే ఇస్తున్నాం. యంత్రం మీద టైపు చేసేటప్పుడు వాటిని ఆంగ్ల అక్షరాలలోనే ఇవ్వాలి.

1. ప్రస్తావన

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున నాలుగున్నర, ఐదున్నర గంటల మధ్య తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. అప్పటి గాలి వేగం గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. కరెంటు స్తంభాలు పడిపోయాయి. అనేక గ్రామాలకు రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పనిచేయలేదు. దానికి ముందు 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్ కూడా అక్టోబరులోనే వచ్చాయి. ఈ తీరంలో అక్టోబరు నెలను ఎవరూ తేలికగా తీసుకోరు.

ఇప్పుడు ఒక సందర్భం ఊహించండి. పలాసకూ మందస రోడ్డుకూ మధ్య సుమ్మాదేవి అనే చిన్న రైల్వేస్టేషను ఉంది. ఆ పరిసరాలలో ఒక స్వచ్ఛంద సంస్థ గ్రామాలు తిరిగి రక్తపరీక్షలు చేయిస్తూ, ఒక్కొక్కరి సీరం క్రియాటినిన్ విలువలను డేటాబేసులో నమోదు చేస్తోందనుకుందాం. ఇది పాఠం కోసం కల్పించిన సంస్థ. అయితే అటువంటి నమోదు అవసరం మాత్రం కల్పితం కాదు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలలో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఎంతగా పాతుకుపోయిందో, దానికి కారణం ఇప్పటికీ పూర్తిగా తేలలేదన్న సంగతీ మీలో చాలామందికి తెలుసు.

ఈ వ్యాధి విషయంలో పాత రికార్డుకు ఒక ప్రత్యేకత ఉంది. మూత్రపిండాల పనితీరు తగ్గినట్టు ఒక్క పరీక్షలో కనిపిస్తే సరిపోదు. ఆ లోపం మూడు నెలలకు మించి కొనసాగినప్పుడే దానిని దీర్ఘకాలిక వ్యాధి అంటారు. కాబట్టి జనవరిలో తీసిన విలువ పోతే ఏప్రిల్‌లో తీసిన విలువకు సగం అర్థం పోతుంది. రక్తం మళ్లీ తీయవచ్చు గాని, జనవరి నాటి రక్తం మళ్లీ దొరకదు.

మన సంస్థ డేటాబేస్ సుమ్మాదేవిలో లేదు, క్లౌడ్‌లో ఉంది. అమెజాన్ క్లౌడ్ కేంద్రాలు మన దేశంలో ముంబయిలో 2016లోను, హైదరాబాదులో 2022లోను మొదలయ్యాయి. వాటిలో ఒకదానిలో ఉందనుకోండి. అప్పుడు తుపాను డేటాను తుడిచివేయలేదు. అది తెంపేది దారిని. సహాయ శిబిరంలో కూర్చున్న నర్సుకు ఎవరికి డయాలసిస్ గడువు దగ్గరపడిందో తెలియాలి. ఆ సమాచారం హైదరాబాదులో భద్రంగానే ఉంటుంది, కాని ఆమె చేతికి రాదు. వాతావరణ శాఖ హెచ్చరిక అందిన రోజునే బ్యాకప్‌ను దింపి, లాప్‌టాప్‌లో నిలబెట్టి ఉంచితే వస్తుంది. ఆ పని ఆ రోజు ఎవరు చేస్తారు? డేటాబేస్ ఏర్పాటు చేసిన ఇంజనీరు విశాఖలోనో బెంగళూరులోనో ఉంటాడు. కార్యాలయంలో ఉన్నది డేటా ఎంట్రీ చేసే అమ్మాయి. ఆమె చేతిలో ఉన్నది మీరు రాసిన పత్రం.

2. సాధనం చేసే పని

బ్యాకప్ అనే ఒక్క మాటకు క్లౌడ్ కంపెనీల పరిభాషలో రెండు వేరువేరు అర్థాలున్నాయి. వాటిని విడదీయకుండా పత్రం మొదలుపెట్టకూడదు.

మొదటిది స్నాప్‌షాట్. సర్వరు డిస్కు ఒక క్షణంలో ఎలా ఉందో అలాగే పట్టి ఉంచిన ప్రతి ఇది. వేగంగా తయారవుతుంది, కాని సాధారణంగా ఆ కంపెనీ క్లౌడ్‌లోనే తిరిగి ప్రాణం పోసుకోగలదు. రెండవది డంప్. డేటాబేసులోని పట్టికల నిర్మాణాన్నీ వరుసలనూ చదివి ఒక ఫైలుగా రాసినది. దీన్ని ఏ కంప్యూటరులోనైనా, సరైన సాఫ్ట్‌వేరు ఉంటే, మళ్లీ డేటాబేసుగా నిలబెట్టవచ్చు. పోస్ట్‌గ్రెస్ డేటాబేసుకు పీజీ_డంప్, మైఎస్‌క్యూఎల్‌కు మైఎస్‌క్యూఎల్‌డంప్ ఈ పని చేసే సాధనాలు.

అమెజాన్ ఆర్‌డీఎస్ సేవలో ఆటోమేటిక్ బ్యాకప్‌లు గరిష్ఠంగా 35 రోజుల వరకు ఉంటాయి. అవి స్నాప్‌షాట్లు. వాటిని నేరుగా ఫైలుగా దింపుకునే మీట ఉండదు. స్నాప్‌షాట్‌ను ఎస్3 అనే నిల్వ సేవలోకి ఎగుమతి చేసుకోవచ్చు గాని, ఆ ఎగుమతి పార్కే అనే రూపంలో వస్తుంది. అది విశ్లేషణకు పనికొస్తుంది, దాని నుంచి డేటాబేసును నేరుగా తిరిగి నిలబెట్టలేం. కొత్తవాడు డౌన్‌లోడ్ మీట కోసం గంటసేపు వెతికి, దొరకక, తప్పు తనదే అనుకుంటాడు. పత్రం మొదటి పేరాలో 'ఈ సేవలో స్నాప్‌షాట్‌ను దింపడం సాధ్యం కాదు, డంప్ తీసి దింపాలి' అని ఒక్క వాక్యం ఉంటే ఆ గంట మిగిలేది. సాధనం ఏమి చేయగలదో అందరూ రాస్తారు. ఏమి చేయలేదో రాయడానికి మనసు రాదు, ముఖ్యంగా సాధనాన్ని తయారుచేసినవాడే పత్రం రాస్తున్నప్పుడు.

హెరోకు అనే క్లౌడ్ వేదికలో ఈ పని మరింత సులువు. 'పీజీ:బ్యాకప్స్:క్యాప్చర్' అనే ఆజ్ఞ ఇస్తే అప్పటికప్పుడు పోస్ట్‌గ్రెస్ డంప్ తయారవుతుంది. 'పీజీ:బ్యాకప్స్:డౌన్‌లోడ్' అంటే 'లేటెస్ట్.డంప్' అనే ఫైలు మీ కంప్యూటరులోకి వస్తుంది. కావాలంటే డౌన్‌లోడ్ లింకును మాత్రమే తీసుకునే ఆజ్ఞ కూడా ఉంది. ఆ లింకు 60 నిమిషాలకు గడువు తీరుతుంది. మన కల్పిత సంస్థ ఇటువంటి వేదికనే వాడుతోందని ఇకపై అనుకుందాం.

3. ఫైలు చేతికి వచ్చినంత మాత్రాన

ఈ రకం పత్రాలు ఎక్కువగా 'డౌన్‌లోడ్ పూర్తయింది' అనే వాక్యంతో ముగుస్తాయి. నా అభిప్రాయంలో అసలు పత్రం మొదలు కావలసింది అక్కడే. ఎవరూ బ్యాకప్ కోసం బ్యాకప్ తీసుకోరు. పోయినది తిరిగి రావాలని తీసుకుంటారు. తిరిగి వచ్చేదాకా పత్రం పాఠకుడి చేయి వదలకూడదు.

గిట్‌ల్యాబ్ ఉదంతం దీనికి మంచి నిదర్శనం. సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులను భద్రపరిచే ఈ సంస్థలో 2017 జనవరి 31 రాత్రి ఒక ఇంజనీరు డేటాబేస్ ప్రతుల మధ్య వచ్చిన ఇబ్బందిని సరిచేస్తూ, ఖాళీ చేయవలసిన సర్వరుకు బదులు ప్రధాన సర్వరు మీద తొలగింపు ఆజ్ఞ ఇచ్చాడు. ఒకటి రెండు సెకన్లలో తప్పు తెలుసుకుని ఆపేశాడు. అప్పటికే సుమారు 300 గిగాబైట్లలో నాలుగున్నర గిగాబైట్లే మిగిలింది. అప్పుడు బ్యాకప్‌ల కోసం చూశారు. ఎస్3 నిల్వలో ఉండవలసిన డంప్‌లు లేవు. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 9.6 అయితే, డంప్ తీసే సాధనం 9.2 వెర్షనుది నడుస్తోంది. పాత సాధనం కొత్త సర్వరు నుంచి డంప్ తీయడానికి ఒప్పుకోదు, లోపం చూపించి ఆగిపోతుంది. ఆగిపోయినట్టు తెలిపే ఈమెయిళ్లు కూడా సంతకం సరిపోలక తిరస్కరణకు గురై ఎవరికీ అందలేదు. చివరకు వారిని ఆదుకున్నది, అదే ఇంజనీరు వేరే పరీక్ష కోసం యాదృచ్ఛికంగా ఆరు గంటల ముందు తీసిన ఒక స్నాప్‌షాట్. ఆ ఆరు గంటలలో చేరిన డేటా పోయింది. సుమారు 5,000 ప్రాజెక్టులు, 5,000 వ్యాఖ్యలు, 700 కొత్త ఖాతాలు ప్రభావితమయ్యాయి. ఆ సంస్థ ఇదంతా దాచకుండా ప్రకటించింది కనుకనే మనం ఈ రోజు పాఠంగా చదువుకోగలుగుతున్నాం.

అక్కడ పనిచేసినవారు అసమర్థులు కారు. పద్ధతులు కాగితం మీద అనేకం ఉన్నాయి. వాటి చివర ఉన్న ఫైలును తెరిచి చూసే అలవాటు మాత్రం లేదు.

దీనికి భిన్నమైన ఉదాహరణ మన దేశంలోనే ఉంది. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద సైబర్ దాడి జరిగి డేటా తాళం పడిపోయింది. ఆసుపత్రి పనులు చేతిరాత మీద నడిపించారు. దాడి సోకని ఒక బ్యాకప్ సర్వరు నుంచి ఇ-హాస్పిటల్ డేటాను తిరిగి తెచ్చినట్టు ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. అక్కడ కూడా పని పూర్తయింది బ్యాకప్ ఉన్నందుకు కాదు, దాని నుంచి డేటా తిరిగి లేచినందుకు.

4. పత్రంలో చోటు దొరకవలసిన విషయాలు

4.1 సమయం

క్లౌడ్ సాధనాలు బ్యాకప్ జాబితాలో చూపే సమయం తరచుగా యూటీసీ, అంటే అంతర్జాతీయ ప్రామాణిక సమయం. మన సమయం దానికి ఐదున్నర గంటలు ముందు ఉంటుంది. తిత్లీనే తీసుకోండి. అది తీరం దాటిన అక్టోబరు 11 ఉదయం 5 గంటలు యూటీసీలో అక్టోబరు 10 రాత్రి 11.30. ఆ క్షణాన తీసిన బ్యాకప్ జాబితాలో పదవ తేదీతో కనిపిస్తుంది. 'తుపాను రోజుది కావాలి' అని పదకొండవ తేదీ ఫైలును ఎంచుకున్నవారు పొరపాటుపడతారు. తెల్లవారుజామున ఐదున్నర లోపు తీసిన ప్రతి బ్యాకప్‌కూ ఈ చిక్కు ఉంది, ఆటోమేటిక్ బ్యాకప్‌లు సాధారణంగా తీసేది ఆ వేళలలోనే. పత్రంలో ఒక్క ఉదాహరణను రెండు సమయాలతోనూ చూపిస్తే చాలు.

4.2 లింకు గడువు, తెగిపోయే లైను

డంప్ పరిమాణం మూడు గిగాబైట్లు, మీ లైను వేగం సెకనుకు నాలుగు మెగాబిట్లు అనుకోండి. మూడు గిగాబైట్లంటే 24,000 మెగాబిట్లు. నాలుగుతో భాగిస్తే 6,000 సెకన్లు, అంటే 100 నిమిషాలు. లింకు గడువేమో 60 నిమిషాలు. మరి ఫైలు దిగుతుందా?

దిగుతుంది. ఇటువంటి లింకులలో గడువును సర్వరు సాధారణంగా డౌన్‌లోడ్ మొదలయ్యే క్షణంలో చూస్తుంది. ఒకసారి మొదలైనది గడువు దాటినా సాగుతుంది. చిక్కు వచ్చేది మధ్యలో లైను తెగినప్పుడు. డెబ్బయ్యవ నిమిషంలో తెగితే తిరిగి అడగాలి, తిరిగి అడగడం అంటే కొత్త అభ్యర్థన, దానికి పాత లింకు చెల్లదు. విశాఖ కార్యాలయంలో ఫైబర్ లైను మీద కూర్చుని పత్రం రాసే ఇంజనీరుకు ఈ సమస్య జన్మలో ఎదురుకాదు, అందుకే అతని పత్రంలో ఉండదు. ఉద్దానంలో గాలి కాస్త గట్టిగా వీచిన రోజున మొదట ఎదురయ్యేది ఇదే. లైను తెగితే కొత్త లింకు ఎలా తీసుకోవాలో, సగం దిగిన ఫైలును కర్ల్ వంటి సాధనంతో మిగిలిన చోటి నుంచి ఎలా కొనసాగించాలో, కొనసాగించడం సాధ్యం కాని పక్షంలో సగం ఫైలును తొలగించి మళ్లీ మొదలుపెట్టాలని పత్రం చెప్పాలి. అదే పేరుతో పాత ఫైలు ఉంటే సాధనం దాని మీద రాస్తుందా, వేరే పేరు పెడుతుందా అన్నది కూడా ఇక్కడే చెప్పాలి. సాధనాన్ని నడిపి చూడకుండా దీనికి జవాబు రాయకండి.

4.3 ఫైలు పూర్తిగా వచ్చిందా

సగం దిగిన ఫైలు, పూర్తిగా దిగిన ఫైలు పేరులో ఒకటిగానే ఉంటాయి. తేడా తెలుసుకోవడానికి ఎస్‌హెచ్‌ఏ-256 అనే లెక్క వాడతాం. ఫైలు ఎంత పెద్దదైనా ఈ లెక్క 64 అంకెలు, అక్షరాల వరుసను ఇస్తుంది. ఫైలులో ఒక్క బిట్ మారినా వరుస మారిపోతుంది. విండోసులో సర్ట్‌యుటిల్, లినక్సులో ఎస్‌హెచ్‌ఏ256సమ్ ఈ లెక్క చేస్తాయి. క్లౌడ్ వైపు ఈ వరుసను ఇచ్చే సాధనమైతే రెండింటినీ పోల్చమని రాయండి. ఇవ్వని సాధనమైతే కనీసం బైట్ల సంఖ్యనైనా పోల్చమనండి. 64నూ చదివి సరిచూడమంటే ఎవరూ చూడరు. మొదటి ఎనిమిది, చివరి ఎనిమిది పోల్చినా, సగంలో ఆగిన ఫైలు బయటపడుతుంది.

4.4 తెలుగు అక్షరాలు

ఈ విషయం ఆంగ్లంలో వచ్చే పత్రాలలో దాదాపు కనిపించదు. వారికి అవసరం లేదు, మనకు ఉంది.

యూనికోడ్‌లో తెలుగుకు 0సి00 నుంచి 0సి7ఎఫ్ వరకు స్థానాలు కేటాయించారు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఈ స్థానాలు ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటాయి. 'సుమ్మాదేవి' అనే మాటలో స, ఉకారం, మ, పొల్లు, మ, దీర్ఘం, ద, ఏత్వం, వ, గుడి కలిపి పది స్థానాలున్నాయి, అంటే 30 బైట్లు. అదే పేరును ఆంగ్ల అక్షరాలలో రాస్తే తొమ్మిది. రోగుల పేర్లు, ఊళ్ల పేర్లు తెలుగులో ఉన్న డేటాబేస్ డంప్ పరిమాణం ఆశ్చర్యం కలిగిస్తే కారణం ఇది కావచ్చు.

అసలు ప్రమాదం పరిమాణంలో లేదు. రీస్టోర్ చేసేటప్పుడు, అంటే డంప్‌ను తిరిగి డేటాబేసుగా నిలబెట్టేటప్పుడు, అక్షర సంకేత పద్ధతి సరిపోకపోతే రెండు రకాల చెడు ఫలితాలు రావచ్చు. ఒకటి, ప్రతి పేరూ ప్రశ్నార్థకాల వరుసగా కనిపించడం. రెండు, తలమీద వాలుగీత ఉన్న లాటిన్ అక్షరమొకటి పదేపదే వస్తూ అర్థంకాని గుర్తులు కనిపించడం. చూడటానికి రెండవది భయంకరంగా ఉంటుంది గాని, అందులో బైట్లు సాధారణంగా క్షేమంగానే ఉంటాయి. తప్పు సంకేతంతో చదువుతున్నాం, అంతే. మొదటిది చూడటానికి శుభ్రంగా ఉంటుంది, అయితే ఆ ప్రశ్నార్థకాలు పట్టికలోకే చేరి ఉంటే ఆ ప్రతిలో పేర్లు పోయినట్టే. వెంటనే ఆపి, అసలు డంప్ ఫైలును ముట్టుకోకుండా, సంకేత పద్ధతి సరిచేసి కొత్తగా మళ్లీ రీస్టోర్ చేయాలి. ఈ తేడా తెలియని వ్యక్తి కంగారులో క్షేమంగా ఉన్న ఫైలును పారేసి, పాడైన డేటాబేసును ఉంచుకునే అవకాశం ఉంది.

4.5 డంప్‌లో లేనివి

పీజీ_డంప్ ఒక డేటాబేసులోని పట్టికలను తీసుకుంటుంది. ఆ సర్వరు మీద ఎవరెవరు వాడుకరులో, వారి పాస్‌వర్డులు, పాత్రలు ఏమిటో తీసుకోదు. వాటికి పీజీ_డంప్‌ఆల్ వేరుగా వాడాలి. మైఎస్‌క్యూఎల్‌డంప్ కూడా నిల్వ ప్రక్రియలను, అంటే స్టోర్డ్ ప్రొసీజర్లను, మనం ప్రత్యేకంగా అడిగితే తప్ప తీసుకోదు. డేటాబేసుకు బయట ఫైళ్లుగా నిల్వచేసిన స్కాన్ చిత్రాలు, ల్యాబ్ రిపోర్టులు ఏ డంప్‌లోనూ రావు. పట్టికలో ఉన్నది వాటి చిరునామా మాత్రమే. శిబిరంలో నర్సు రిపోర్టు మీద నొక్కితే ఖాళీ పేజీ వస్తుందని ముందే తెలిస్తే, ఆ ఫైళ్లను వేరుగా దింపుకోవచ్చు.

4.6 రీస్టోర్

రీస్టోర్ భాగం పత్రంలో అన్నిటికంటే పొడుగ్గా ఉండాలి. ఏ వెర్షను సాఫ్ట్‌వేరు కావాలో ముందే చెప్పాలి. కొత్త పీజీ_డంప్ రాసిన ఫైలును పాత పీజీ_రీస్టోర్ చదవలేకపోవచ్చు. డిస్కులో ఎంత ఖాళీ కావాలో చెప్పాలి. డంప్ కుదించి ఉంటుంది, విప్పితే కొన్ని రెట్లు పెరుగుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, రీస్టోర్ ఎక్కడికి చేస్తున్నామో చెప్పాలి. కొత్తగా, ఖాళీగా సృష్టించిన డేటాబేసులోకే చేయాలని, నడుస్తున్న అసలు డేటాబేసు మీదికి ఎన్నడూ చేయకూడదని రాయాలి. పీజీ_రీస్టోర్‌కు 'క్లీన్' అనే ఎంపిక ఉంది. అది పాత పట్టికలను తొలగించి కొత్తవి పెడుతుంది. సొంత లాప్‌టాప్‌లో అది సౌకర్యం. పొరపాటున అసలు సర్వరు చిరునామాతో కలిపి ఇస్తే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. అటువంటి హెచ్చరికను ఆజ్ఞ తరువాత రాయకండి. చదివేవారు ఆజ్ఞను చూడగానే టైపు చేస్తారు. హెచ్చరిక చదివేది ఆ తరువాత.

భాష ఎలా ఉండాలో ఒక ఉదాహరణ చూడండి. ఒక పత్రంలో ఇలా ఉందనుకోండి: 'డంప్ ఫైలును సముచితమైన పర్యావరణంలో రీస్టోర్ చేసి, డేటా సమగ్రతను ధ్రువీకరించుకోవలెను.' ఇందులో తప్పేమీ లేదు, ఉపయోగమూ లేదు. దాన్ని ఇలా మార్చవచ్చు: 'లాప్‌టాప్‌లో "శిబిరం" అనే పేరుతో ఖాళీ డేటాబేస్ సృష్టించండి. ఫైలును అందులోకి రీస్టోర్ చేయండి. తెర మీద చాలా వరుసలు వేగంగా కదులుతాయి, భయపడవద్దు, అవి ఆగి ఖాళీ వరుస వచ్చేదాకా వేచి ఉండండి. తరువాత పరీక్షల పట్టికలో ఎన్ని వరుసలున్నాయో లెక్కించే క్వెరీ ఇవ్వండి. బ్యాకప్ తీసిన రోజు రిజిస్టరులో రాసుకున్న సంఖ్యతో అది సరిపోవాలి. చివరగా మీకు తెలిసిన ఒక వ్యక్తి పేరుతో వెతికి, ఆ పేరు తెలుగులో సరిగా కనిపిస్తోందో, చివరి పరీక్ష తేదీ సరైనదో చూడండి.' రెండవది పొడుగైంది. చదవడానికి పట్టే కాలం మాత్రం తక్కువ.

ఇక్కడ 'రిజిస్టరులో రాసుకున్న సంఖ్య' అన్న మాటను గమనించండి. సరిచూడమని చెప్పినప్పుడు దేనితో సరిచూడాలో ఉండాలి. ప్రతి బ్యాకప్ రోజునా ముఖ్యమైన పట్టికల వరుసల సంఖ్యను ఒక నోటుపుస్తకంలో పెన్నుతో రాసి పెట్టుకోమని మీ పత్రం అడగాలి. కరెంటు లేని రోజున కూడా ఆ పుస్తకం తెరుచుకుంటుంది. ఇదే కారణంగా పత్రాన్ని కూడా అచ్చుతీసి ఉంచాలి. రీస్టోర్ ఎలా చేయాలో చెప్పే పత్రాన్ని క్లౌడ్‌లోనే పెట్టి, క్లౌడ్ అందని రోజున దానికోసం వెతికినవారిని నేను చూశాను.

5. రహస్యాలు

పత్రంలో పాస్‌వర్డు రాయకూడదు. ఎవరి దగ్గర దొరుకుతుందో, వారు అందకపోతే ఇంకెవరిని అడగాలో రాయాలి. ఉదాహరణల కోసం నిజమైన రోగుల వరుసలను తెరచిత్రాలుగా పెట్టకూడదు. దింపిన డంప్ లాప్‌టాప్‌లోకి వచ్చిన క్షణం నుంచి క్లౌడ్ కంపెనీ కాపలా దానికి ఉండదు. ఆ డిస్కుకు ఎన్‌క్రిప్షన్ ఉండాలి, పెన్‌డ్రైవులో తీసుకెళ్లితే దానికీ ఉండాలి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం డేటాను సేకరించిన సంస్థ మీదే దాని భద్రత బాధ్యత పెట్టింది. అవసరం తీరాక ఫైలును ఎవరు, ఎప్పుడు తొలగించాలో కూడా ఒక వాక్యం ఉండాలి. తొలగింపు గురించి రాయని పత్రాల పుణ్యమా అని ఎన్ని కార్యాలయాల కంప్యూటర్లలో పాత డంప్‌లు మూలుగుతున్నాయో!

6. పత్రాన్ని పరీక్షించడం

కొన్నేళ్ల క్రితం ఒక కార్యాలయానికి నేనే ఇటువంటి పత్రం రాసి ఇచ్చాను. పన్నెండు పేజీలు. డేటాబేసుల మీద పరిశోధన చేసినవాడిని కదా అని కొంత ధీమా కూడా ఉండేది. అక్కడ డేటా ఎంట్రీ చేసే మందస వైపు అమ్మాయిని కూర్చోబెట్టి, 'ఇది చూసి బ్యాకప్ దింపమ్మా, నేను పక్కన ఉంటాను, మాట్లాడను' అన్నాను. మొదటి పేజీలోనే ఆగింది. 'టెర్మినల్ తెరవండి' అని రాశాను గాని, విండోసులో దాన్ని ఏ పేరుతో వెతకాలో రాయలేదు. ఎలాగో దాటింది. ఫైలు దిగింది. 'అయిపోనాది మాస్టారూ' అని చేతులు దులుపుకుంది. ఫైలు ఎక్కడుందమ్మా అంటే వెతికింది, దొరకలేదు. నా కంప్యూటరులో ఫైలు ఏ ఫోల్డరులో పడుతుందో నాకు అలవాటు కాబట్టి, అది రాయాలని నాకు తట్టనే లేదు. రీస్టోర్ దాకా వెళ్లేసరికి సాయంత్రమైంది. ఆ రోజు నా పత్రంలో పద్నాలుగు చోట్ల పెన్సిలు గుర్తులు పడ్డాయి. మధ్యలో నేను మూడుసార్లు నోరు తెరిచి సాయం చేశాను. ఆ మూడు చోట్లా పత్రం ఏమి చెప్పాలో ఇంకా తెలుసుకునే అవకాశం పోగొట్టుకున్నట్టు ఇంటికి వెళ్లాక గాని అర్థం కాలేదు.

పరీక్ష పద్ధతి ఇంతకంటే క్లిష్టమైనది కాదు. సాధనం ఎన్నడూ వాడని వ్యక్తి, కొత్త కంప్యూటరు, మీ పత్రం. మీరు మౌనంగా ఉండాలి. ఎక్కడ ఆగితే అక్కడ గుర్తు పెట్టాలి. 'నీకు అర్థమైందా' అని అడగవద్దు. మనవాళ్లు పెద్దవారి ముఖం చూసి 'అర్థమైందండీ' అంటారు. చేతులు ఏమి చేస్తున్నాయో చూడండి. సాధనం వెర్షను మారినప్పుడల్లా, కనీసం ఏడాదికి ఒకసారి, ఈ పరీక్ష మళ్లీ జరపాలి. ఈ తీరంలో దానికి అనువైన నెల సెప్టెంబరు. పరీక్షించిన తేదీని, పరీక్షించినవారి పేరును పత్రం మొదటి పేజీలో వేయండి. మూడేళ్ల నాటి తేదీ కనిపిస్తే చదివేవారు జాగ్రత్తపడతారు.

7. అభ్యాసం

మీ ఊళ్లో కంప్యూటరులో లెక్కలు లేదా రికార్డులు ఉంచే ఒక చోటును ఎంచుకోండి. జీడిపప్పు కార్ఖానా కావచ్చు, పాల సంఘం కావచ్చు, మందుల దుకాణం కావచ్చు. వారి డేటా ఎక్కడ ఉంది, చివరి బ్యాకప్ ఎప్పుడు తీశారు, దాన్ని ఎన్నడైనా తెరిచి చూశారా అని అడిగి తెలుసుకోండి. వారి అనుమతితో, వారి అసలు డేటాను ముట్టుకోకుండా, నమూనా డేటాతో ఒక బ్యాకప్ తీసి, దింపి, వేరే యంత్రంలో నిలబెట్టండి. ఆ పనికి నాలుగు పేజీలు మించకుండా వాడుక పత్రం రాయండి. దానిని ఆ చోట పనిచేసే ఒకరికి ఇచ్చి, మాట్లాడకుండా పక్కన కూర్చోండి. అసైన్‌మెంటుగా సరిచేసిన ప్రతితోపాటు పెన్సిలు గుర్తులున్న మొదటి ప్రతిని కూడా పంపండి. మార్కులలో సగం ఆ మొదటి ప్రతికే.